రాని బంతి కోసం

అమెరికన్ ఫుట్‌బాల్ టీవీలో చూడ్డం మొదలుపెట్టిన కొత్తల్లో నాకు ఒక మనిషి గురించి బెంగగా ఉండేది. ఆట మొదలవగానే మైదానం అంచున నిలబడ్డ ఒకడు ప్రాణం మీదికొచ్చినట్టు ముందుకి పరిగెత్తేవాడు. కెమెరా మాత్రం బంతిని వదిలేది కాదు. రెండు సెకన్లలో అతను టీవీ చట్రం దాటి వెళ్ళిపోయేవాడు. ఇక్కడ ఇంకెవడో బంతిని పొట్టకి అదుముకుని నాలుగడుగులు వేసి కిందపడేవాడు. ఈల మోగేది, రీప్లే వేసేవాళ్ళు, బీరు ప్రకటన వచ్చేది. మళ్ళీ ఆట మొదలయ్యేసరికి అతను అదే అంచున, నడుం మీద చేతులేసుకుని రొప్పుతూ ఉండేవాడు. మళ్ళీ అదే పరుగు. మళ్ళీ అంతే.

"వీడెక్కడికి పోతున్నాడ్రా?" అని మా రూమ్మేట్‌ని అడిగాను. 2013 సంగతి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. అతనిది ఒంగోలు. నాకన్నా రెండేళ్ళు ముందొచ్చాడు కాబట్టి ఆదివారాలు మాకు గురువు.

"బంతి కోసం."

"బంతి రాలేదుగా?"

"రాదు. చాలాసార్లు రాదు. వాడు డీప్ థ్రెట్."

డీప్ థ్రెట్ అంటే, బంతి అంత దూరం రావచ్చు అన్న భయం. ఆ భయానికి ఒక మనిషిని పెట్టి జీతమిస్తారని విని నవ్వొచ్చింది. అప్పటికి నాకు తెలిసిన ఆటలన్నిటిలో మనిషి విలువ బంతి అతని చేతికొచ్చాక తేలేది. పన్నెండేళ్ళుగా ఈ ఆట చూస్తున్నాను. ఇప్పటికీ నేను చూసేది ఆ ఒక్కడినే. ఇంటికొచ్చిన వాళ్ళు స్కోరు అడిగితే చాలాసార్లు చెప్పలేను.

ఆట తెలియని వాళ్ళకి కొంచెం చెప్పాలి. వంద గజాల మైదానం. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళితే మళ్ళీ నాలుగు ఇస్తారు. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతిని దగ్గర్లో ఉన్నవాడి చేతికైనా ఇవ్వచ్చు, దూరంగా విసిరైనా ఇవ్వచ్చు. విసిరితే పట్టుకోవడానికి అంచుల్లో ఉండేవాళ్ళే వైడ్ రిసీవర్లు. వాళ్ళలో నలభై, యాభై గజాల అవతలికి దూసుకెళ్ళి, తల మీదుగా వచ్చే బంతిని అందుకోగలవాడు డీప్ థ్రెట్. అవతలి జట్టులో అందరికన్నా వెనకాల సేఫ్టీ అని ఒకడో ఇద్దరో ఉంటారు. ఊరికి చివరిల్లు లాంటివాళ్ళు. వాళ్ళని దాటితే ఇంక అడ్డం లేదు.

ఇంతవరకూ తేలికే. అలా దూసుకెళ్ళేవాడికి ఉండాల్సిందేమిటన్న దగ్గరే నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మొదట ఎవరైనా అనుకునేది వేగం. నేనూ అదే అనుకున్నాను. వేగానికి ఈ ఆటలో ఒక పెద్ద ఉదాహరణ మేముంటున్న ఊరి జట్టులోనే ఉంది. బాబ్ హేస్ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో వంద మీటర్ల స్వర్ణం గెలిచాడు. రిలేలో చివరి పరుగు అందుకుని వెనకబడ్డ జట్టుని గెలిపించి ఇంకో స్వర్ణం తెచ్చాడు. మరుసటేడు డాలస్ కౌబాయ్స్‌లో చేరి రిసీవరయ్యాడు. అతన్ని ఒక్కడికి ఒక్కడుగా కాపలా కాయడం ఎవరివల్లా కాలేదు. దాంతో మనిషిని కాయడం మానేసి మైదానాన్ని పంచుకుని, ఎవరి ముక్కని వాళ్ళు కాసే పద్ధతి బాగా పెరిగింది. జోన్ డిఫెన్స్ అంతగా వ్యాపించడానికి హేసే కారణమని ఆ ఆట తెలిసినవాళ్ళు చెబుతారు. ఒక మనిషి పరుగుకి భయపడి ఆట ఆడే తీరే మార్చుకున్నారన్నమాట.

అయితే వేగం ఒక్కటే చాలదని కూడా ఈ ఆటే చూపించింది. కాలేజీ కుర్రాళ్ళని ప్రొఫెషనల్ జట్లు ఎంచుకునే ముందు నలభై గజాల పరుగు పెట్టి సెకనులో వందో వంతు దాకా లెక్క చూస్తారు. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తాడు. అప్పటికి అదే రికార్డు. సిన్సినాటి జట్టు అతన్ని తొమ్మిదో ఎంపికగా తీసుకుంది. ఆ వేగానికి తగ్గ ఆట మాత్రం ఎన్నడూ రాలేదు. ఇటువైపు, ఈ ఆటలో ఎవరికీ అందనన్ని గజాలు, 22,895, పట్టుకున్న జెర్రీ రైస్ పరుగులో అంత గొప్పవాడు కాదు. 1985లో అతను కొంచెం నెమ్మదని అనుమానించిన వాళ్ళు చాలామందే ఉన్నారు.

రైస్ గురించి ఒక సంగతి చదివినప్పుడు నేను లేచి కూర్చున్నాను. వాళ్ళ నాన్న మిసిసిపీలో తాపీమేస్త్రీ. వేసవుల్లో కొడుకులు ఆయనకి సాయం చేసేవాళ్ళు. అన్నదమ్ములు కింద నుంచి ఇటుకలు విసిరితే జెర్రీ పైన నిలబడి పట్టుకునేవాడు. ఆ చేతులు అలా తయారయ్యాయి.

ఇది నాకు తెలిసిన పనే. మాది అంబాజీపేటకి దగ్గర్లో ఒక చిన్న ఊరు. అక్కడ ఇటుకలకన్నా కొబ్బరికాయలెక్కువ, అంతే తేడా. దింపు అయ్యాక కాయలు రాశి పోస్తారు. వలుపు వాళ్ళు గునపానికి గుచ్చి పీచు తీస్తారు. ఆ తర్వాత లారీకెక్కించడం. కింద ఒకడు రెండేసి కాయలు విసురుతుంటాడు, పైన ఒకడు పట్టుకుని పేరుస్తూ, లెక్క చెబుతూ ఉంటాడు. మా అన్నయ్య పదిహేనేళ్ళప్పుడే పైన నిలబడేవాడు. నేను ఒకసారి నిలబడి మొదటి కాయకే బొటనవేలు విరగ్గొట్టుకున్నంత పని చేసుకున్నాను. "చేతులు కాయకి ఎదురెళ్ళకూడదురా. అది వస్తుంటే దాంతోపాటు నువ్వూ కాస్త వెనక్కి రావాలి" అన్నాడు అన్నయ్య. ఏళ్ళ తర్వాత యూట్యూబ్‌లో ఒక రిసీవర్ల కోచ్ అచ్చం ఇదే మాట ఇంగ్లీషులో చెబుతుంటే విని నాలో నేనే నవ్వుకున్నాను. మెత్తని చేతులు అంటారట దాన్ని. మా అన్నయ్య చేతులు చూస్తే ఎవరూ ఆ మాట అనరు.

తల వెనకనుంచి వచ్చే బంతిని పట్టడం వేరే విద్య. ఎదురుగా వచ్చేది కళ్ళకి అందుతుంది, పక్కనుంచి వచ్చేదాన్ని కూడా అంచనా వేయొచ్చు. నువ్వు పరిగెత్తే దిక్కులోనే, నీ తల మీదుగా వచ్చేది అన్నిటికన్నా కష్టం. మెడ తిప్పితే వేగం తగ్గుతుంది. తిప్పకపోతే బంతి కనబడదు. మనవాళ్ళకి దీని రుచి చూపించినవాడు కపిల్ దేవ్. 1983 జూన్ 25, లార్డ్స్. మదన్ లాల్ బంతిని రిచర్డ్స్ గాల్లోకి లేపితే కపిల్ మిడ్‌వికెట్ నుంచి వెనక్కి పరిగెత్తి, భుజం మీదుగా పట్టాడు. ఆ క్యాచ్‌ని నేను పుట్టకముందే చూసినట్టుంటుంది, మా ఇంట్లో అన్నిసార్లు చెప్పుకున్నారు.

రిసీవర్‌కి ఇంకో చిక్కు ఉంది. కపిల్‌ని పక్కనుంచి ఎవరూ తోయలేదు. ఇక్కడ కార్నర్‌బ్యాక్ అనే మనిషి ఒళ్ళు రాసుకుంటూ నీతోపాటే వస్తుంటాడు. అతను బంతిని చూడ్డు, నీ మొహం చూస్తాడు. నీ కళ్ళు పెద్దవైతే, నీ చేతులు పైకి లేస్తే, బంతి వచ్చేస్తోందని అతనికి తెలిసిపోతుంది. వెంటనే చెయ్యి అడ్డం పెడతాడు. అందుకే గొప్పవాళ్ళు చివరి క్షణం దాకా చేతులు లేపరు. మొహంలో కూడా ఏమీ కనబడనివ్వరు. బంతి గాల్లో మూడు సెకన్లుంటుందనుకోండి, రెండున్నర సెకన్లపాటు ఏమీ రావట్లేదన్నట్టు పరిగెత్తాలి.

ఈ విద్యలో రాండీ మాస్‌ని మించినవాణ్ణి నేను చూడలేదు. 1998లో కౌబాయ్స్‌కి అతన్ని తీసుకునే అవకాశం వచ్చింది. వదులుకున్నారు. కుర్రాడి ప్రవర్తన గురించి వినబడ్డ మాటలకి భయపడి చాలా జట్లు వదులుకున్నాయి. ఇరవై ఒకటో ఎంపికగా మిన్నెసోటాకి వెళ్ళాడు. ఆ ఏడు నవంబర్ 26న, థాంక్స్‌గివింగ్ రోజున, మిన్నెసోటా డాలస్‌కి ఆడ్డానికొచ్చింది. ఆ రోజు మాస్ పట్టింది మూడే మూడు బంతులు. 51 గజాలు, 56 గజాలు, 56 గజాలు. మూడూ టచ్‌డౌన్లే. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు, పుట్టి పెరిగింది డాలస్‌లోనే. ఆ పేరెత్తితే ఇప్పటికీ కాఫీ కప్పు పక్కన పెట్టేస్తాడు.

ఆ ఆట నేను యూట్యూబ్‌లో చాలాసార్లు చూశాను. కొన్నాళ్ళకి ఆ మూడు క్యాచ్‌ల మీద ఆసక్తి పోయింది. మిగతా ఆటంతా ఏం జరిగిందో చూడాలనిపించింది. మిన్నెసోటా 46, డాలస్ 36. మాస్ పట్టిన మూడు తీసేసినా ఇంకా బోలెడు పాయింట్లున్నాయి. అవెక్కడినుంచి వచ్చాయి? అతను అంచున నిలబడితే చాలు, సేఫ్టీ రెండడుగులు అటు జరిగేవాడు. ఆ రెండడుగులు ఇంకెక్కడో ఖాళీ అయ్యేవి. ఆ ఖాళీలో ఇంకొకరు తాపీగా బంతి అందుకునేవారు. పట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది. ఖాళీ చేసినవాడి పేరు రాదు. లెక్కల్లో దానికి గడి కూడా లేదు.

ఇది పూర్తిగా బుర్రకెక్కింది మాత్రం ఫుట్‌బాల్ వల్ల కాదు, మా అమలాపురం కుర్రాడి వల్ల.

సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2000లో పుట్టాడు. వాళ్ళ నాన్నగారు వ్యాయామ ఉపాధ్యాయుడు. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పరీక్ష పెట్టి కొలిస్తే, సాత్విక్ కొట్టిన స్మాష్‌లో షటిల్ గంటకి 565 కిలోమీటర్ల వేగంతో రాకెట్ వదిలింది. పదేళ్ళుగా నిలిచిన 493 రికార్డు పోయింది. గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. మా ఊరి వాట్సాప్ గుంపులో వారంపాటు ఇంకో మాట లేదు. విమానంకన్నా వేగమా కాదా అని ఇద్దరు బాబాయిలు దెబ్బలాడుకున్నారు. (ఆ వేగం రాకెట్ వదిలిన క్షణానిదే. ఈకలున్నది కదా, అవతలికి చేరేలోపు చాలా తగ్గిపోతుంది. ఈ మాట నేను గుంపులో పెట్టి తిట్లు తిన్నాను.)

ఆ ఏడు జూన్‌లో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్ చూస్తూ నేను గమనించింది వేరే. సాత్విక్ కోర్టు వెనక గాల్లోకి లేవగానే అవతలి ఇద్దరూ నడుం వంచి, రాకెట్లు పొట్టకడ్డం పెట్టుకుని బిగుసుకుపోయేవాళ్ళు. ఆ స్మాష్ వాళ్ళ బుర్రలో ఉంది. అప్పుడతను షటిల్‌ని నెట్ దాటేలా మెల్లగా వదిలినా చాలు. వాళ్ళు వంగి, పరిగెత్తి, ఎలాగో ఎత్తి పంపాలి. అలా ఎత్తి పంపింది చిరాగ్ శెట్టికి విందు భోజనం. స్మాష్ కొట్టలేదు. కొడతాడన్న భయమే పని చేసింది. టీవీ ముందు కూర్చుని "డీప్ థ్రెట్" అని పైకే అన్నాను. మా ఆవిడ నా వంక అదోలా చూసింది. ఆ ఫైనల్ గెలిచి, అక్టోబర్‌లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో బ్యాడ్మింటన్‌లో మన దేశానికి మొట్టమొదటి స్వర్ణం తెచ్చి, ఆ వారమే ప్రపంచంలో ఒకటో నంబరు జంట అయ్యారు.

ఆ జంట కథలో నాకిష్టమైన ముక్క ఇంకా ముందుది. ఇద్దరూ పొడగరులు, ఇద్దరూ వెనకనుంచి బాదేవాళ్ళే. మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్ వాళ్ళని జత కలిపినప్పుడు ఇద్దరికీ నచ్చలేదట. ఇద్దరూ వెనకే ఉంటే ముందు ఎవరాడతారు? ఒకరు ఎక్కువగా ముందుకి రావడం నేర్చుకోవాల్సి వచ్చింది. డబుల్స్‌లో, అన్నదమ్ముల్లో, ఇలాంటి పంపకాలు ఎలా జరుగుతాయో బయటివాళ్ళకి తెలీదు. ఒక్కోసారి లోపలున్నవాళ్ళకీ తెలీదు.

అన్నయ్య నాకన్నా ఆరేళ్ళు పెద్ద. చిన్నప్పుడు కొబ్బరిమట్ట బ్యాట్‌తో కాలవగట్టు పక్కన క్రికెట్ ఆడేవాళ్ళం. బంతి కాలవలో పడితే ఔటూ, ఆ బంతి తెచ్చే పూచీ కూడా కొట్టినవాడిదే. అన్నయ్య ఎప్పుడూ గట్టు అంచునే నిలబడేవాడు. ఒకరోజు ఎవరో పెద్దగా లేపారు. అన్నయ్య వెనక్కి పరిగెత్తి, గట్టు ఎక్కడ అయిపోతుందో చూసుకోకుండా గాల్లో పట్టి, అలాగే కాలవలో పడ్డాడు. మనిషి కనబడలేదు. నీళ్ళ పైకి చెయ్యి ఒక్కటే లేచింది, అందులో బంతి. మేం వెర్రికేకలు వేశాం. ఆ సాయంత్రం తడిబట్టల్తో ఇంటికొచ్చినందుకు నాన్న చింతబరికె విరిగేదాకా కొట్టాడు. ఆ రోజే నాకు లెక్కల్లో పదకొండు మార్కులొచ్చాయి. స్లిప్ టెస్ట్ కాగితం జేబులో పెట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. అన్నం తిని పడుకున్నాను.

మా ఇంట్లో నాన్న చూపు ఎప్పుడూ అన్నయ్య మీదే. వాడు ఇంటర్ తప్పాడు, సినిమాకెళ్ళాడు, అమలాపురంలో ఎవడితోనో గొడవపడ్డాడు, తలకి ఎర్రరంగేసుకున్నాడు. నేను కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతూ ఒక సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోగొట్టుకున్నా ఇంట్లో తెలీలేదు. నన్ను మంచివాడంటారు ఊళ్ళో. అడిగేవాళ్ళు లేకపోతే ఎవరైనా మంచివాడే.

2012 వేసవిలో నాకు అమెరికాలో ఎం.ఎస్. సీటొచ్చింది. బ్యాంకు అప్పుకి తోట కాగితాలు హామీ పెట్టాలి. మాకున్నది ఒకటే తోట, రెండెకరాలు. తాతయ్య ఒకసారి అప్పుచేసి లంక పొలం పోగొట్టుకున్నాక, కాగితాలు బ్యాంకు గడప తొక్కవని నాన్న ఒట్టేశాడు. అమ్మ అడిగి చూసింది. లేదన్నాడు. మేనమామ వచ్చి అడిగాడు. ఆయనకి మజ్జిగిచ్చి పంపేశాడు.

సరిగ్గా అప్పుడే అన్నయ్య లారీ మాటెత్తాడు. అప్పటిదాకా వాడు కాయ కొని, అంబాజీపేటలో కమీషన్‌కి అమ్మేవాడు. అక్కణ్ణుంచి కాయ గుజరాత్‌కో రాజస్థాన్‌కో వెళ్ళేది. మధ్యలో డబ్బంతా బండి ఉన్నవాడిదే అని వాడి లెక్క. ఒక ఎకరం అమ్మేద్దాం, సెకండ్‌హ్యాండ్ లారీ కొందాం, మూడేళ్ళలో మళ్ళీ రెండెకరాలు కొంటానన్నాడు. నాన్న ముందు నమ్మలేదు. నమ్మాక ఇల్లు అదిరిపోయింది. ఇరవై రోజులు రోజూ అదే గొడవ. పొద్దున్నే అరుగు మీద, మధ్యాహ్నం అన్నం దగ్గర, రాత్రి ప్రకటనల మధ్య. అన్నయ్య ఒక్క అడుగు వెనక్కెయ్యలేదు. కాగితం మీద లెక్కలేసి తెచ్చాడు. ఒకరోజు భోజనం మానేశాడు. ఇంకోరోజు నాన్న కంచం విసిరేశాడు.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం నాన్న అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉంటే నేను బ్యాంకు కాగితాలు పట్టుకెళ్ళి పక్కన పెట్టాను. ఏమీ అనలేదు. చాలాసేపు చూసి, "వీడు అమ్మమనడం లేదుగా. తాకట్టేగా" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. పెన్నడిగాడు.

మర్నాటినుంచి అన్నయ్య లారీ మాటెత్తలేదు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

అప్పుడు నాకేమీ తట్టలేదు. ఇర్వింగ్‌లో రెండో చలికాలం, ఒక ఆదివారం, రీప్లేలో ఎప్పుడూ చూపించని కోణం ఒకటి చూపించారు. పైనుంచి మైదానమంతా కనబడేది. అంచునుంచి రిసీవర్ దూసుకెళ్ళాడు. ఇద్దరు కాపలావాళ్ళు వెనక్కి పడుతూ లేస్తూ అతని వెంటపడ్డారు. వాళ్ళు ఖాళీ చేసిన చోట, ఏడెనిమిది గజాల దూరంలో, ఒక మామూలు ఆటగాడు ఒంటరిగా నిలబడి బంతి పట్టుకున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. పట్టుకుని ఒకసారి అటూ ఇటూ చూశాడు కూడా. అది నేనే అనిపించింది. పెన్ను పట్టుకుని అరుగు దగ్గర నిలబడ్డ నేను.

అంటే అన్నయ్య కావాలనే చేశాడన్నమాట. ఎకరం అమ్మమని అంత పెద్దగా అడిగితే, తాకట్టు చిన్నదిగా కనబడుతుందని. నా కోసం దొంగ పరుగు తీశాడని. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడేది. స్నేహితులకి చెప్పాను. మా ఆవిడకి పెళ్ళయిన మొదటి నెలలోనే చెప్పాను. చెప్పీ చెప్పీ కథ నున్నగా తయారయింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా నాకు తెలిసిపోయింది.

ఒక్క చోట మాత్రం నొక్కుకునేది. ఆట చూసేకొద్దీ ఒక విషయం తెలుస్తూ వచ్చింది. దొంగ పరుగు రెండడుగుల్లో దొరికిపోతుంది. బంతి నాకు రాదులే అనుకున్నవాడి భుజాలు వేరేగా ఉంటాయి, మోకాళ్ళు అంత లేవవు. సేఫ్టీ ఉద్యోగమే అది కనిపెట్టడం. మాస్ లాంటి మహానుభావుడికి కూడా ఈ అపవాదు తప్పలేదు. బుద్ధిపుట్టినప్పుడే ఆడతానని తనే అన్నాడు. బంతి తనది కాని ఆటల్లో అతను కాలు ఈడుస్తాడని అవతలివాళ్ళకి తెలుసు. ఆ కాసేపు వాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్ళు. నాకు మాస్ అంటే పిచ్చి. అయినా ఈ ఒక్క విషయంలో రైస్ కాళ్ళకి దణ్ణం పెడతాను. సాధనలో చిన్న బంతి పట్టినా ఆగకుండా ఎండ్ జోన్ దాకా పరిగెత్తేవాడట, చుట్టూ ఎవరూ లేకపోయినా. వేగం, చేతులు, మొహంలో ఏమీ కనబడనివ్వకపోవడం ఇవన్నీ కోచ్‌లు చూస్తారు, కొలుస్తారు. వందసార్లలో తొంభైసార్లు రాని బంతి ప్రతిసారీ తనకే వస్తుందని నమ్మి పరిగెత్తేవాణ్ణి ఎలా కొలుస్తారో నాకు తెలీదు. నా మటుకు డీప్ థ్రెట్ అంటే వాడే. వాడు నమ్మకపోతే సేఫ్టీ నమ్మడు. సేఫ్టీ నమ్మకపోతే ఖాళీ లేదు.

మరి నాన్న ఇరవై రోజులు ఎలా నమ్మాడు? మా నాన్న తేలిగ్గా మోసపోయే మనిషి కాదు. కాయ చెవి దగ్గర ఊపి లోపలెంత నీరుందో చెప్పేవాడు.

పోయిన ఏడు నాన్న సంవత్సరీకానికి ఊరెళ్ళాను. కార్యక్రమం అయిన మూడోరోజు అన్నయ్యకి లోడుంది. కింద విసరాల్సిన మనిషి రాలేదు. లుంగీ ఎగ్గట్టి నేను దిగాను. లారీ మీద అన్నయ్య. నలభై నాలుగేళ్ళు, జుట్టు సగం పోయింది, ఎర్రరంగేసుకునేంత మిగల్లేదు. లారీ వాడిది కాదు, అద్దెది. నేను రెండేసి కాయలు విసురుతుంటే వాడు అవతలి గట్టు మీద ఎవరితోనో మాట్లాడుతూ, చూడకుండానే పట్టి పేరుస్తున్నాడు. వాడి చేతులు చివరి క్షణంలో గాని కదలవు.

పది నిమిషాలకే నాకు ఆయాసమొచ్చింది. ఆగాను.

"అన్నయ్యా, ఆ లారీ గొడవ నా కోసమే పెట్టావు కదా?"

"ఏ లారీ?"

"2012లో. ఎకరం అమ్మమన్నావు. నాన్న నా సంతకం పెట్టేలా."

వాడు మొదట నా మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. లారీ మీదున్న ఇంకో కుర్రాడు కూడా ఎందుకో తెలీకుండానే నవ్వాడు.

"నీ మొహంలే. నాకు లారీ నిజంగానే కావాలిరా. రావులపాలెంలో బేరం కూడా ఆడొచ్చాను. పచ్చ లారీ. ఐదువేలు బయానా ఇచ్చాను. వాడు తిరిగివ్వలేదు కూడాను."

ఏమనాలో తెలీలేదు. పన్నెండేళ్ళ కథ నా చేతుల్లో రెండు కాయల్లాగా ఉండిపోయింది.

"మరి సంతకం అయ్యాక ఎందుకు మానేశావు?"

"ఉన్నది ఒకటే తోట. కాగితాలు బ్యాంకుకెళ్ళిపోయాయి. ఇంకేం అడుగుతాను?" అన్నాడు మామూలుగానే. ఆ తర్వాత కొంచెంసేపు ఏమీ అనలేదు. లారీ అంచున చెయ్యి పెట్టి, దుమ్ము రాలేలా ఒకసారి తట్టాడు. "బావుండేదిరా ఆ బండి. ఇంజన్ చప్పుడు బావుండేది."

అప్పు నేను 2017లోనే తీర్చేశాను. కాగితాలు అప్పుడే ఇంటికొచ్చాయి. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ తర్వాత నేను ఎన్నోసార్లు డబ్బు పంపాను. బాత్రూమ్ కట్టించడానికి, అమ్మ కంటి ఆపరేషన్‌కి, పిల్లల ఫీజులకి. లారీ కావాలా అని ఒక్కసారి కూడా అడగలేదు. అది దొంగ పరుగని నేను నమ్మాను కదా.

"ఇప్పుడు కొందామా?" అన్నాను.

"ఇప్పుడెందుకురా. మోకాళ్ళు పోయాయి" అన్నాడు. "ఇంకా రెండొందలున్నాయి, చీకటి పడిపోద్ది. విసురు."

విసిరాను. ఒకటి కాస్త ఎత్తుగా, వాడి తల మీదుగా వెళ్ళింది. చెయ్యి వెనక్కి పెట్టి పట్టేశాడు.

"నాలుగొందల పద్దెనిమిది" అన్నాడు.